బొట్టు బిళ్ల కింద పసుపు దీపం

మీరిప్పుడు చదవబోయేది ఒక ఘోరం. గుండె దిటవు చేసుకోండి. ఇందులో ఒక కారు ఊపిరాడక మూలుగుతుంది. ఒక చీరల దుకాణం నిండు ఆదివారం పూట మూతపడుతుంది. ఒక ఇల్లాలు ఇరవై రెండేళ్లలో మొదటిసారి మొగుణ్ణి చూసి మురిసిపోతుంది. ఈ మూడింటిలో ఏది పెద్ద ప్రమాదమో చివరికి మీకే తెలుస్తుంది. మూడింటికీ కారకుడు మాత్రం ఒక్కడే, నాలుగేళ్ల కిందటి నేను. ఇప్పటి నేను చాలా తెలివైనవాణ్ణి. ఈ మాట మా ఆవిడ దగ్గర అనకండి.

ముందు ముద్దాయి వివరాలు. నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మెట్ల కింద పోచంపల్లి చీరల దుకాణం ఉంది. దుకాణం అనగానే మీరు పెద్దగా ఊహించుకోకండి. ముగ్గురు ఆడవాళ్లు ఒకేసారి లోపలికొస్తే నేను బయటికొచ్చి నిలబడాలి. ఇల్లు ఎల్బీ నగర్‌లో. రెండింటికీ నడుమ నాలుగైదు కిలోమీటర్లు, నెత్తిమీద మెట్రో. రైలెక్కి సీటు ఎక్కడుందా అని చూసుకునేలోపు దిగాల్సిన స్టేషన్ వచ్చేస్తుంది.

అటువంటి మనిషి కారు కొన్నాడు. అది సెకండ్ హ్యాండ్. అందులోనూ డీజిల్.

మా ఆవిడ సుభద్ర ముందే చెప్పింది. వాళ్ల నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డాడు, నేను పోచంపల్లి వాణ్ణి. అందుకని మా ఇంట్లో రెండు తెలుగులు నడుస్తాయి. పోట్లాట వస్తే మాత్రం ఆమె తెలుగే గెలుస్తుంది.

"ఏమండీ, కొట్టుకి వెళ్లిరావడానికి డీజిల్ బండెందుకు?"

"కొట్టుకు మాత్రమేనా? పోచంపల్లికి పోవాలె, చీరల మూటలు తేవాలె. డీజిల్ అంటే ఏనుగు, సుభద్రా. ఏనుగు!"

"ఏనుగుని గల్లీలో కట్టేసి ఏం చేస్తారు?"

చీరల మూటలు ఎప్పటిలాగే పార్సిల్ ఆటోలో వచ్చాయి. ఏనుగు మాత్రం రోజూ పొద్దున ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు, సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్‌కు మెట్రో స్తంభాలు లెక్కపెట్టుకుంటూ పాకింది. ఫస్ట్ గేరు. ట్రాఫిక్ దయతలిస్తే సెకండ్ గేరు. థర్డ్ గేరు అనేది ఒకటుందని విన్నాను గాని చైతన్యపురి దగ్గర దాన్ని చూసినవాళ్లు లేరు. బండితో పాటు ఇచ్చిన లావుపాటి పుస్తకం కూడా వృథా కాలేదు. దుకాణంలో గల్లాపెట్టె బల్లకు ఒక కాలు పొట్టి. పుస్తకం సరిగ్గా సరిపోయింది.

ఇలా ఆరు నెలలు గడిచాక ఒక సాయంత్రం కొత్తపేట దగ్గర, స్టీరింగ్ వెనక మీటర్ల మధ్య ఒక పసుపు దీపం వెలిగింది. చిన్న డబ్బా బొమ్మ, దానిలో చుక్కలు, రెండు వైపులా గొట్టాలు. ఆ బొమ్మ నాకు రసం వంపుతున్న గిన్నెలా కనిపించింది. ఆకలి మీద ఉన్నాను మరి.

బుద్ధున్నవాడైతే మర్నాడు మెకానిక్ దగ్గరికి వెళ్తాడు. నాకు మాత్రం మొదట గుర్తొచ్చింది సుభద్ర మొహం. ఆమె ఏమీ అనదు. అదే భయం. "ఏనుగుకి ఏమైందండీ?" అని మెల్లగా అడిగి, సమాధానం వినకుండా పప్పు వడ్డిస్తుంది. ఆ పప్పు గొంతు దిగదు.

అంచేత నేను చేసిన పని ప్రపంచంలో ఇంకే దేశపు మగవాడికీ తోచదు. తోచినా సరుకు దొరకదు. మా బాత్‌రూమ్ అద్దం మీద, కుడివైపు పైన, సుభద్ర స్నానానికి ముందు తీసి అంటించిన బొట్టు బిళ్లలు ఉంటాయి. మన ఇళ్లలో ఏ అద్దానికైనా ఉంటాయి, మీకు చెప్పేదేముంది? వాటిలోంచి ఒక మెరూన్ రంగు బిళ్లను గోటితో మెల్లగా లేపాను, కిందికి దిగాను, వెళ్లి పసుపు దీపం మీద అంటించాను. అచ్చుగుద్దినట్టు సరిపోయింది. దీపం మాయం. సమస్య తీరిపోయింది. ఆ రాత్రి పప్పు అమృతంలా దిగింది.

తర్వాత రెండు వారాలు బండి నాకు అనేక విధాలుగా మొర పెట్టుకుంది. ఇంటికొచ్చి ఇంజన్ ఆపి తాళం తీశాక కూడా బండి లోపల ఫ్యాను బుస్సుమని తిరిగేది. "ఎండ కదా, అలసిపోయింది" అనుకున్నాను. పార్కింగ్‌లో ఏదో మాడు వాసన. మా వాచ్‌మన్ నర్సింహ వచ్చి బండి చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాడు.

"సార్, ఏందో కాలుతున్నట్టుంది."

"సెకండ్ ఫ్లోర్ల చేపలు వేయిస్తుర్రు, నర్సింహా."

"సార్, సెకండ్ ఫ్లోరోళ్లు ఊరికి పోయి వారమాయె."

"అయితే థర్డ్ ఫ్లోర్."

"థర్డ్ ఫ్లోరోళ్లు ఉల్లిగడ్డ గూడ తినరు సార్."

ఆఖరికి ఒక పొద్దున విక్టోరియా మెమోరియల్ దగ్గర నేను యాక్సిలరేటర్‌ని నేలదాకా తొక్కితే, నన్ను ఒక చెరకు రసం బండి దాటి పోయింది. తోసుకుంటూ పోయే బండి. తోసేవాడు నాకంటే పెద్దవాడు. దాటిపోతూ జాలిగా ఒకసారి వెనక్కి చూశాడు. ఆ చూపుకి నాలో పౌరుషం మేలుకుంది. దుకాణానికి కాకుండా నేరుగా మలక్‌పేటకు పోనిచ్చాను, సలీం భాయ్ షెడ్డుకి.

సలీం భాయ్ షెడ్డు రేస్ కోర్స్‌కి దగ్గర్లోనే. అక్కడ గుర్రాలు పరుగు తీస్తుంటే ఇక్కడ నా ఏనుగు దగ్గుతూ నిలబడింది. ఆయన తెల్లగడ్డం నిమురుకుంటూ లోపలికి తొంగి చూశాడు. మొదట బొట్టు బిళ్లను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. వేలితో మెల్లగా బిళ్లను పక్కకు జరిపి దీపాన్ని చూశాడు. మళ్లీ బిళ్లను యథాస్థానంలో పెట్టాడు. ముసుగు కప్పినంత మర్యాదగా.

"సేట్, రోజు బండి ఎంత దూరం నడుపుతవ్?"

"ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్."

"అంతేనా?"

"మల్ల దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్."

ఆయన ఒక స్టూలు లాగి కూర్చున్నాడు. నాకు కూడా ఒకటి చూపించాడు. డాక్టర్లు అలా కూర్చోమన్నప్పుడల్లా ఏమవుతుందో మనకు తెలుసు.

"జర సమజ్ చేస్కో. డీజిల్ కాలితే మసి వస్తది. ఆ మసి బయట గాలిల కలవకుండ పొగ గొట్టంల ఒక జల్లెడ పెట్టిన్రు. డీపీఎఫ్ అంటరు. బండి జోరుగ పోయిందనుకో, గొట్టం ఎర్రగ కాగుతది, పట్టిన మసి దానంతట అదే కాలి సాఫ్ అయితది. నువ్వేమో బండిని పెండ్లి బరాత్ లెక్క నడుపుతున్నవ్. బరాత్‌ల మసి ఎట్ల కాలాలె? గుర్రం మీద దుల్హా గూడ కిందికి దిగి నడుస్తడు."

"మరి మాడు వాసన?"

"పాపం అది కాల్చుకుందామని షురూ చేసినప్పుడల్లా ఇల్లు వచ్చేస్తది, నువ్వు తాళం తీసేస్తవ్. సగం ఉడికిన బిర్యానీ మీదికెళ్లి రోజూ మూత తీసినట్టు."

"ఇప్పుడేం చేయాలె భాయ్?"

"హైవే ఎక్కు. ట్యాంక్‌ల డీజిల్ మంచిగ పోయించు. అరగంట. డెబ్బై మీద పట్టు, ఒక గేరు తక్కువల పెట్టు, ఇంజన్ జర గట్టిగ అరవాలె. ఆగొద్దు. చాయ్ తాగొద్దు. ఒకటికి పోవద్దు. బ్రేక్ మీద మొహబ్బత్ వద్దు. దీపం ఆరేదాక నడుపుడే."

"నడుమల ఆగితే?"

"మల్ల షురూ నుంచి."

"అసలు పోకపోతే?"

సలీం భాయ్ ఆకాశం వైపు చూశాడు. "ఇప్పుడొక దీపం. తర్వాత ఇంకో దీపం. తర్వాత బండి ఉరకదు, ఉత్తగ నడుస్తది. తర్వాత కొత్త జల్లెడ. దాని ధర చెప్పే ముందు షోరూంల మంచినీళ్లు తెచ్చిస్తరు సేట్. ఎందుకో ఆలోచించుకో."

నేను అక్కడే మంచినీళ్లు అడిగి తాగాను.

ఇక్కడ కథ కారు దగ్గర ఆగిపోతే నేనింత సిగ్గుపడాల్సిన పని లేదు. మసి పట్టిన జల్లెడ ఎవరికైనా ఉంటుంది. అసలు వెధవ పని ఇప్పుడు మొదలవుతుంది.

సుభద్రకు ఒక చిరకాలపు కోరిక ఉండేది. నగలు కాదు, పట్టుచీర కాదు. చీరలవాడి పెళ్లానికి చీర మీద కోరికేముంటుంది, మిఠాయి కొట్టువాడి కొడుక్కి లడ్డూ మీద ఉన్నంత. ఆమె అడిగేది ఒకటే: "ఏ పనీ లేకుండా ఒక్కసారి ఎటైనా వెళ్దామండీ." నేనేమో, "పోయినం గదా" అనేవాణ్ణి. నిజమే, పోయాం. యాదగిరిగుట్ట పోయాం, తిరుగు దారిలో మూడు మగ్గాల దగ్గర ఆగడానికి. బెజవాడ పోయాం, రంగుల వ్యాపారిని కలవడానికి. సూర్యలంక సముద్రం కూడా చూపించాను. ఆమె అలలు చూస్తుంటే, నేను ఇసుకలో అటూ ఇటూ తిరుగుతూ ఫోన్‌లో ఒక నేతగాడితో అంచు రంగు గురించి గంటసేపు వాదించాను. తర్వాత ఆమె నాతో అన్నది, "సముద్రం ఏ రంగో చూశారా?" చూడలేదు. కొన్నాళ్లకు ఆమె అడగడం మానేసింది. మా అమ్మాయి చదువుకని వరంగల్ వెళ్లాక ఇల్లు ఇంకా నిశ్శబ్దమైపోయింది.

మలక్‌పేట నుంచి తిరిగొస్తూ నాకు ఒక మెరుపులాంటి ఆలోచన వచ్చింది. మెరుపు అంటే పిడుగుకు ముందు వచ్చేది. ఎలాగూ అరగంట హైవే మీద నడపాలి. ఆదివారం ట్రాఫిక్ పల్చగా ఉంటుంది. ఎలాగూ పోతున్నాం కదా, పక్క సీటు ఖాళీగా ఎందుకుండాలి?

"సుభద్రా, ఆదివారం ఎటైన పోదమా?"

"ఎవరింట్లో ఏం ఫంక్షను?"

"ఫంక్షన్ లేదు. నువ్వూ నేను. గట్లనే, ఉత్తగ."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "పనేమీ లేకుండా?"

పాఠకులారా, ఇక్కడ నిజం చెప్పడానికి నాకు పూర్తి అవకాశం ఉంది. పప్పు పోపు చిటపటలాడుతోంది, దాని సద్దులో చెప్పేసినా సగం వినపడేది కాదు.

"ఏ పనీ లేకుండ" అన్నాను.

ఆ ఆదివారం ఆమె తెల్లవారకముందే లేచింది. పులిహోర కలిపింది. మా పెళ్లయిన కొత్తలో మా అమ్మ స్వయంగా ఎంచి ఇచ్చిన ఎర్ర అంచు పోచంపల్లి చీర కట్టింది. జడలో మల్లెపూలు. లిఫ్టులో నర్సింహ ఎదురై, "ఎక్కడికమ్మా, పెండ్లికా?" అంటే, "ఎక్కడికీ కాదు నర్సింహా! ఊరికే!" అని ఇద్దరు ముగ్గురికి వినపడేంత గట్టిగా చెప్పింది. నేను లిఫ్టు బటన్ ఇంకోసారి నొక్కాను.

హయత్‌నగర్ దాటాం. పెద్ద అంబర్‌పేట దాటగానే రోడ్డు తెరుచుకుంది. నేను టైం చూసుకున్నాను, గేరు ఒకటి తగ్గించాను, తొక్కాను. ఏనుగు ఘీంకరించింది.

"బండి ఇంత అరుస్తోందేంటండీ?"

"సంతోషం."

అయిదో నిమిషంలో ఫోన్ మోగింది. కారు స్పీకర్లో మా పక్క దుకాణం గాజుల జంగయ్య గొంతు.

"అన్నా, ఆదివారం షటర్ దించి ఉన్నది. ఎవరన్న పోయిన్రా?"

"ఎవరు పోలే జంగయ్యా."

"నీకు పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్న. మీ వదినను తీస్కొని అట్ల తిరగనీకి పోతున్న."

స్పీకర్లో జంగయ్య గొంతు తగ్గింది.

"అన్నా, నా దగ్గర దాచకు. ఏ దవాఖాన?"

సుభద్ర పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో లెక్కపెట్టబోయాను. కాని నేను నిమిషాలు లెక్కపెట్టే పనిలో ఉన్నాను.

తొమ్మిదో నిమిషం.

"ఏమండీ, తాటి ముంజలు! ఆపండి ఆపండి."

"గవి ముదిరినయ్."

"డెబ్బై స్పీడులో ముంజలు ముదిరాయని ఎలా కనపడిందండీ?"

"నేత ఎంచే కండ్లు సుభద్రా."

పదమూడో నిమిషం.

"ఇక్కడ టీ బాగుంటుందట."

"ఇంటికి పోయి నేను పెడత."

"మీరా? టీ?" ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరమేమోనని.

పదిహేడో నిమిషంలో ఒక చెరువు వచ్చింది. దాంట్లో తెల్లటి కొంగలు. నా అదృష్టం బాగోక సుభద్ర వాటిని ఫోటో తీయాలంది. "కొంగలకు సిగ్గెక్కువ" అన్నాను. ఈ మాట ఎవరన్నా నమ్ముతారా? కాని సుభద్ర నమ్మడం కాదు, నాకంటే గొప్ప కారణం తనే కనిపెట్టింది.

"నాకర్థమైందిలెండి. ఎక్కడ ఆగినా మళ్లీ ఏదో ఒక పని తగులుతుందని కదూ? ఎవరో ఒకరు కలుస్తారు, చీరల మాట మొదలవుతుంది. అందుకే ఆగకుండా తీసుకెళ్తున్నారు." ఆమె సీటు వెనక్కి వాల్చుకుంది. "ఇలా ఆగకుండా పోతుంటే ఎంత బాగుందో తెలుసాండీ?"

ఆపైన డబ్బా తెరిచి పులిహోర ముద్ద నా నోట్లో పెట్టింది. వేరుశెనగ గింజ పంటి కింద పడి నాకు అభియోగ పత్రం చదివి వినిపించింది.

ఇరవై ఒకటో నిమిషం. ఇంకో ముద్ద పెట్టడానికి ఆమె నా వైపు వంగింది. వంగినదల్లా అలాగే ఉండిపోయింది.

"ఏమండీ, అది నా బొట్టు బిళ్ల కదూ?"

నా నోట్లో పులిహోర. దేవుడు ఆ మాత్రం సాయం చేశాడు.

"ఎప్పుడు పెట్టారు?"

"రెండు... మూడు వారాలాయె."

"రోజూ బండి నడిపేటప్పుడు దాన్ని చూసుకుంటూ నడుపుతున్నారా?"

ఇప్పుడు నేను చెప్పిన మాటలో అక్షరం అబద్ధం లేదు. ఏ కోర్టులోనైనా నిలబడుతుంది. "దాన్ని చూడకుండ ఒక్క రోజు గూడ బండి నడపలేదు సుభద్రా."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇరవై రెండేళ్లలో నేను తెచ్చిన ఏ చీరకూ ఆ కళ్లు అలా కాలేదు. నేను రోడ్డు వైపు చూస్తూ, ఒక లారీ వెనక రాసి ఉన్న 'సౌండ్ హారన్' అనే మాటను భగవద్గీత చదివినంత శ్రద్ధగా చదివాను.

ఇరవై నాలుగో నిమిషం. ఇంక ఆరు. ఇంకో ఆరు నిమిషాలు ఈ ప్రేమ ఇలాగే ఉంటే చాలు, దీపం ఆరిపోతుంది, నా రహస్యం మసితో పాటు కాలిపోతుంది.

"వంకరగా అంటించారు" అంది సుభద్ర. "ఉండండి, సరిగ్గా పెడతాను."

"వద్దు! గట్లనే బాగుంది!"

అప్పటికే ఆమె గోరు బిళ్ల కిందికి వెళ్లిపోయింది. అద్దాల మీద నుంచి బిళ్లలు తీయడంలో ఆమెకున్న సాధన ముందు నా అరుపు ఎంత? బిళ్ల ఆమె చూపుడు వేలి కొసకు వచ్చింది. దాని కింద నుంచి పసుపు దీపం, మూడు వారాల చీకటి తర్వాత లోకాన్ని చూసిన ఆనందంతో, దేదీప్యమానంగా వెలిగింది.

"ఇదేంటి?"

డెబ్బై స్పీడులో, నాలుగో గేరులో, నేను మొత్తం చెప్పేశాను. జల్లెడ, మసి, బరాత్, సగం ఉడికిన బిర్యానీ, సలీం భాయ్, మంచినీళ్లు. చెప్పినకొద్దీ నా గొంతు సన్నబడి చివరికి ఇంజను చప్పుడే మిగిలింది.

సుభద్ర తిట్టలేదు. వేలి కొసన ఉన్న బిళ్లను కాసేపు చూసింది.

"అంటే, ఇదీ పనేనన్న మాట" అంది.

అంతే. తర్వాత పులిహోర డబ్బా మూత పెట్టింది. ఆ మూత టిక్కుమని పడిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. నేను ఎన్నో దుకాణాల షటర్లు దభాలున దిగడం విన్నాను. ఏదీ అంత గట్టిగా వినపడలేదు.

టైం చూశాను. ఇరవై అయిదు నిమిషాలు. ఇంకో అయిదు నడిపితే జల్లెడ బాగుపడుతుంది. పక్కన ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. మల్లెపూలు నా వైపు ఉన్నాయి, మొహం అటు.

నేను బ్రేకు తొక్కాను. మొహబ్బత్‌తోనే తొక్కాను.

బండి ఆగిన చోట, తాటాకుల నీడలో ఒక పెద్దామె ముంజలు పెట్టుకుని కూర్చుంది. దిగి వెళ్లాను.

"ఎన్ని గావాలె సారూ?"

"ఒక డజను. లేతయి ఇయ్యి అవ్వా."

ఆమె కత్తి ఆడిస్తూ కారు వైపు చూసింది. "అమ్మ అలిగిందా?"

"నీకెట్ల తెలుసు?"

"అలగకపోతే ఆమెనే దిగి బేరం చేసేది."

ఆకులో ముంజలు పట్టుకుని వచ్చి, తలుపు తీసి, రోడ్డు పక్కన నిలబడి ఒలవడం మొదలుపెట్టాను. నాకు ముంజలు ఒలవడం రాదు. మొదటిదాని నీళ్లు చొక్కా మీద పడ్డాయి, రెండోదాని నీళ్లు కళ్లద్దాల మీద. మూడోది చేతిలోంచి జారి నల్లగొండ మట్టిలో కలిసిపోయింది. వెనక అవ్వ నవ్వుతోంది.

"ఇదీ పనేనా?" అంది సుభద్ర, అటే చూస్తూ.

"ఇది పని గాదు. పనైతే మంచిగ చేసేటోణ్ణి."

ఆమె భుజాలు కొంచెం కదిలాయి. ఏడుపో నవ్వో తెలియలేదు. నాలుగో ముంజ నా చేతిలోంచి లాక్కుని, ఒక్క గోటి గీతతో తోలు తీసేసింది.

"ఎన్ని నిమిషాలు మిగిలాయి?"

"అయిదు."

"అయిదే?" ఆమె నా వైపు పూర్తిగా తిరిగింది. "అయిదు నిమిషాలు ఆగలేకపోయారా? ఇరవై అయిదు నిమిషాలు నన్ను ఒక్క టీ తాగనివ్వకుండా, కొంగల్ని చూడనివ్వకుండా లాక్కొచ్చి, తీరా ఒడ్డుకు చేరాక ఆపేస్తారా? మీరు అబద్ధం కూడా పూర్తిగా ఆడలేరా?"

"నువ్వు అటు తిరిగినవ్ గదా."

ఆమె ఆ ముంజ నా నోట్లో పెట్టింది. చల్లగా దిగింది.

డజనూ అయిపోయాక చేతులు కడుక్కుని, బెల్టు పెట్టుకుని, ఫోన్‌లో గడియారం తెరిచింది. "టోల్ గేటు దాటాక మొదలుపెట్టండి. ఈసారి ఎక్కడా ఆగరు. ఆగితే నేను ఊరుకోను."

పాఠకులారా, డీపీఎఫ్ ఉన్న ఏ బండికీ అటువంటి కెప్టెన్ దొరకలేదు. టోల్ గేటు దాటిన క్షణం నుంచి ఆమె చూపు గడియారం మీంచి కదిలితే ఒట్టు. "అరవై అయిదుకి పడిపోయింది, తొక్కండి." "ఆ లారీ వెనక పడకండి, పక్కకి వెళ్లండి." చిట్యాల దగ్గర నాకు నిజంగానే ఒకటికి పోవాల్సి వచ్చింది. నోరు తెరిచాను. "పది నిమిషాలుంది" అంది. మూసుకున్నాను.

నార్కట్‌పల్లి దాటి నకిరేకల్ ఇంకా రాకముందు, పసుపు దీపం ఒక్కసారి మినుకుమంది. ఆరిపోయింది. మేమిద్దరం ఒకేసారి కేక పెట్టాం. పక్కన పోతున్న బస్సులో జనం, క్రికెట్లో ఏం జరిగిందోనని ఫోన్లు తీసుకున్నారు. ఏనుగు నిట్టూర్చి తేలిగ్గా పరుగు తీసింది. నేను ఆపాల్సిన చోట బండి ఆపాను, పోవాల్సిన చోటికి పోయి వచ్చాను.

"సరె, పని అయిపాయె" అన్నాను స్టీరింగ్ పట్టుకుని. "ఇగ ఇంటికి తిప్పుదమా?"

సుభద్ర నన్ను వింతగా చూసింది. "పని ఇప్పుడే కదండీ అయిపోయింది. ఇప్పుడు వెళ్దాం."

"ఎటు?"

"ఎటైనా."

సూర్యాపేట దాకా పోయాం. అక్కడ ఏం చేశామని అడక్కండి. ఏమీ చేయలేదు. టీ తాగాం. మళ్లీ ఇంకో చోట టీ తాగాం. తిరుగు దారిలో కొంగల దగ్గర ఆగాం. వాటికి సిగ్గేమీ లేదు, అరగంట నిలబడ్డాయి. చీకటి పడకముందే వనస్థలిపురం దాటాం. పొద్దుటి ఆ ఒక్క ఫోన్ తర్వాత నేను ఇంకొకటి ఎత్తలేదు. పాపం, జంగయ్య మూడు దవాఖానలకు ఫోన్ చేశాడని తర్వాత తెలిసింది.

ఇంతటితో బుద్ధి వచ్చింది. సలీం భాయ్ చెప్పిన బరాత్ మానేసి, బండిని పార్కింగ్‌లో ఉంచి, దుకాణానికి మెట్రోలో వెళ్లడం మొదలుపెట్టాను. బండి ఎక్కడికీ పాకడం లేదు కనుక మసి పట్టే సమస్యే లేదు. చూశారా తెలివి?

ఒకటిన్నర నెలకు ఒకరోజు తాళం తిప్పితే మళ్లీ పసుపు దీపం.

సలీం భాయ్‌కి ఫోన్ చేశాను. "నడపని బండికి మసి ఎట్ల పడతది సేట్? జిన్ను గాని నడుపుతున్నదా?" అన్నాడు. తల గోక్కుంటూ బండి చుట్టూ తిరుగుతుంటే నర్సింహ వచ్చాడు.

"ఏమైంది సార్?"

"మల్ల దీపం వెలిగింది నర్సింహా. బండి నడపనే లేదు. ఎట్ల?"

నర్సింహ లిఫ్టు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "సార్, నేను చెప్పిన్నని చెప్పొద్దు. మీరు పొద్దుగాల మెట్రోకి పోంగనే అమ్మ కిందికొస్తది. బండి స్టార్ట్ చేస్తది. ఎటూ పోదు. అర్ధగంట గట్లనే కూసోని పాటలు ఇంటది. రోజూ. ఎందుకమ్మా, డీజిల్ దండగ గదా అంటే..."

"అంటే?"

"'మసి పట్టాలి నర్సింహా' అన్నది సార్."

నేను తాళం తీసి జేబులో వేసుకున్నాను. తర్వాత పైకి వెళ్లాను. సుభద్ర వంటింట్లో ఉంది.

"దీపం వెలిగింది సుభద్రా."

"అయ్యో, అలాగా?" అంది. వెనక్కి తిరగలేదు. గట్టు మీద పులిహోరకి చింతపండు అప్పటికే నానబెట్టి ఉంది.

కనుక, ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఉన్న సమస్త మెట్రో స్తంభాల సాక్షిగా, కుడిచేయి స్టీరింగ్ మీద పెట్టి నేను చేసిన భీషణ ప్రతిజ్ఞ ఏమనగా: ఇకమీదట బొట్టు బిళ్లను సుభద్ర నుదుటన తప్ప ఇంకెక్కడా అంటించను. బండిలో గాని, ఇంట్లో గాని, ఏ దీపం వెలిగినా దాన్ని కప్పిపెట్టను. మరీ ముఖ్యంగా, ఆమె కూర్చున్న బండిని నడపడానికి దీపం వెలిగేదాకా ఎదురుచూడను. ఈ మూడో వాక్యం ఆమే చేర్పించింది. ఇష్టంగానే ఒప్పుకున్నాను, ఎందుకంటే ఉత్తగా నిలబెట్టి కాల్చిన డీజిల్‌కి ఇంకో సూర్యాపేట వెళ్లిరావచ్చు.

మా దుకాణం షటర్ మీద ఇప్పుడొక అట్ట వేలాడుతుంది. జంగయ్య పరేషాన్ కాకూడదని నేనే రాశాను: 'నెలలో మొదటి ఆదివారం సెలవు. అందరూ క్షేమం. మసి కాల్చడానికి వెళ్లాం.'